తల్లి లేని ట్రాన్స్‌ఫార్మర్

సింగవరపుకోట చేపల మార్కెట్టు వెనక ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇరవై రెండేళ్లుగా ఎవరి జోలికీ పోకుండా తన పని తాను చేసుకుంటోంది. వానకు తడిసింది, ఎండకు కాగింది, ఒకసారి ఇసుక లారీ ఎత్తిన తొట్టితో గుద్దితే కుడిపక్క సొట్ట పడింది. అయినా మార్కెట్టుకీ, దాన్ని ఆనుకుని ఉన్న ఐసు ఫ్యాక్టరీకీ, వెనక వీధిలో అరవై ఇళ్లకీ కరెంటు ఇస్తూనే ఉంది. అది అనాథ అన్న సంగతి మాత్రం ఏప్రిల్ నెల మొదటి గురువారం దాకా ఎవరికీ తెలియదు.

ఆ సంగతి బయటపెట్టింది ఒక సాఫ్ట్‌వేరు. ఏ సబ్‌స్టేషన్ నుంచి ఏ లైను బయల్దేరింది, ఏయే స్తంభాల మీదుగా ఏ ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరింది, అక్కణ్ణుంచి ఎవరింటికి పోయింది అన్నదంతా కంప్యూటర్లో ఒక పెద్ద వంశవృక్షంలా నిలబెట్టి చూపిస్తుందది. దాన్ని ఏ కంపెనీ అమ్మదు. ప్రపంచంలో అక్కడా ఇక్కడా ఉన్న ఇంజినీర్లూ, లెక్చరర్లూ తీరిక చేసుకుని రాసి, కావలసినవాళ్లు వాడుకోండి, తప్పులు కనబడితే దిద్దండి అని అందరి ముందూ పెట్టేశారు. ఇలాంటివాటిని ఓపెన్ సోర్స్ అంటారు.

ఊరికే వచ్చే వస్తువును తీసుకోవడానికి విద్యుత్ కార్పొరేషన్‌లో నిబంధన లేదు. అందువల్ల రెండేళ్లు ఆలస్యమైంది. చివరికి 'దారిలో దొరికిన వస్తువుల స్వాధీనం' అనే పాత నిబంధన కింద దాన్ని స్వీకరించి, 'విద్యుత్ దర్పణం' అని నామకరణం చేశారు. తరవాత ఏడుగురు సభ్యుల కమిటీ ఐదు నెలలు కూర్చుని అందులోని మాటలన్నిటినీ తెలుగు చేసింది. కరెంటు పంపే పరికరం 'తల్లి' అయింది. ఆ కరెంటు పుచ్చుకునేది 'పిల్ల' అయింది. ఎక్కణ్ణుంచి కరెంటు వస్తోందో నమోదు కాని పరికరం 'అనాథ' అయింది. సాఫ్ట్‌వేరు రాసినవాళ్లు తెలుగు వచ్చిందని సంతోషించి, ఆ మాటలను తమ మూలప్రతిలో చేర్చేసుకున్నారు.

ఆ వెంటనే కార్పొరేషన్ ఒక సర్క్యులర్ పంపింది. అందులో ఏడో అంశం ఇలా ఉంది: 'తల్లి లేని పరికరమునకు కరెంటు వచ్చు మార్గము లేదు. కావున అట్టి పరికరము నుండి కరెంటు సరఫరా అగుచున్నచో అది అక్రమ సరఫరాగా పరిగణింపబడును. పదిహేను దినములలో తల్లిని నిరూపించని యెడల సదరు పరికరమును నిలిపివేయవలెను.'

జిల్లాకంతటికీ పై అధికారి సూపరింటెండింగ్ ఇంజినీరు త్రివిక్రమరావు గారు. అందరూ ఎస్ఈ గారంటారు. ఆయన నిజాయితీపరుడు, కష్టజీవి. తన బల్ల మీదికొచ్చిన ప్రతి కాగితాన్నీ అక్షరం వదలకుండా చదువుతారు. చదివి, అందులో ఉన్న అక్షరాలను తప్ప ప్రపంచంలో మరి దేన్నీ నమ్మరు.

ఆ గురువారం మీటింగులో ఆయన గొంతు బాగా తగ్గించి, "వీరవేణి గారూ, ఎలా చెప్పాలో తెలీడం లేదు. మీ సెక్షన్‌లో ఒక అనాథ ఉంది," అన్నారు.

వీరవేణి సింగవరపుకోట టౌను అసిస్టెంట్ ఇంజినీరు. ఉద్యోగంలో చేరి ఐదేళ్లయింది. ఇంకా ఏ సమస్యకైనా పరిష్కారం ఉంటుందనే నమ్మకం పోలేదు. ఆమె కాగితం తీసుకుని చూసింది.

"సార్, ఇది చేపల మార్కెట్టు ట్రాన్స్‌ఫార్మరండి. అనాథ అంటే అది ఏ లైనుకి కలిసి ఉందో ఎవరో రాయడం మర్చిపోయారని అర్థం. డేటా ఎక్కించేటప్పుడు తప్పు పడుంటుంది."

"మర్చిపోయారని ఎక్కడ రాసుంది?"

"రాసి లేదండి. కానీ..."

"అనాథ అని రాసుంది. చూడండమ్మా, ఆఖర్న థ. మామూలుగా అందరూ ధ రాసి తగలేస్తారు. వీళ్లు థ రాశారు. అంటే అర్థం తెలిసే రాసినట్టు."

ఎస్ఈ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇరవై రెండేళ్ల నించీ మన కళ్లెదురుగా ఉంది. ఒక్కరం అడగలేదు," అని నిట్టూర్చారు.

మీటింగు అయ్యాక వీరవేణి నేరుగా చేపల మార్కెట్టుకు వెళ్లింది. లైన్‌మన్ నూకరాజు అక్కడే ఉన్నాడు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని స్తంభాల మీదికి ఎక్కించిన రోజు తాడు పట్టి లాగినవాళ్లలో అతనొకడు. సంగతంతా విని, తలెత్తి దాని వంక కాసేపు చూశాడు.

"అనాథేంటండి మేడం గారూ! అదిగోండి, ఆ కనబడతందే, అదండి సబ్‌స్టేషను. ఇదిగోండి తీగ. అక్కడ బయల్దేరి ఇక్కడికొచ్చింది. మధ్యలో పద్నాలుగు స్తంభాలండి. కళ్లు మూసుకుని లెక్కెట్టేత్తాను."

వీరవేణి తీగను ఫోటోలు తీసింది. ఆఫీసుకొచ్చి దర్పణం తెరిచి వెతికితే పావుగంటలో అసలు కారణం దొరికింది. సబ్‌స్టేషన్ వైపు డేటా ఎక్కించినతను ఆ లైను పేరు 'చేపల మార్కెట్టు ఫీడరు' అని రాశాడు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎక్కించినతను 'ఫిష్ మార్కెట్ ఫీడరు' అని రాశాడు. రెండూ ఒకటేనని మనిషికి తెలుస్తుంది. సాఫ్ట్‌వేరుకు తెలియలేదు. ఆ పేరుగల తల్లి తనకెక్కడా కనబడలేదని చెప్పింది. అంతే. ఒక గడిలో ఒక మాట మారిస్తే సరిపోతుంది.

ఆ గడి మీద నొక్కితే, 'సవరించుటకు మీకు అధికారము లేదు. ఫారం 9-క సమర్పించవలెను' అని వచ్చింది.

ఫారం 9-క రెండు పేజీలు. పరికరం పేరు, ఊరు, సవరణకు కారణం వగైరా అన్నీ నింపాక చివర్లో ఒక వరుస ఉంది: 'తల్లి సబ్‌స్టేషన్ అధికారి అంగీకార సంతకం.'

ఆమె ఫారం తీసుకుని సబ్‌స్టేషన్‌కి వెళ్లింది. అక్కడి ఇంజినీరు ఆమెకు మంచి స్నేహితుడే. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. ఫారం చూడగానే మాత్రం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇది మీ లైను మీదే కదా ఉంది?" అంది వీరవేణి.

"నా లైను మీదే ఉందండి. ఆ కిటికీలోంచి చూస్తే కనబడుతుంది కూడాను. కానీ దర్పణంలో నాకు పిల్లలు ముప్పై ఒక్కరేనండి. ఇప్పుడు ముప్పై రెండోది కూడా నాదేనని సంతకం పెడితే, ఇరవై రెండేళ్లు ఎందుకు దాచావయ్యా అంటారు. నాకు పదోన్నతి ఫైలు నడుస్తోందండి. ఈ టైములో..."

"మీరు ఒప్పుకోకపోతే మార్కెట్టుకి కరెంటు తీసేస్తారండీ!"

"అయ్యో," అన్నాడతను నిజంగానే బాధపడుతూ. "టీ చల్లారిపోతోంది, తాగండి."

వీరవేణి తిరిగొచ్చి ఫోటోలతో సహా ఎస్ఈ గారికి నివేదిక ఇచ్చింది. ఆయన ఫోటోలను భూతద్దం పెట్టి చూశారు. ఫైలు మీద రాశారు: 'ఇవి తీగ ఫోటోలు. సంబంధమును తెలియజేయు ఫోటోలు కావు.'

అయితే ఎస్ఈ గారు ఊరుకునే మనిషి కాదు. అసలు ఈ సాఫ్ట్‌వేరు యజమాని ఎవరో తెలుసుకుని అతన్నే అడగాలనుకున్నారు. యజమాని లేడని, అందరిదీనని కిందివాళ్లు చెప్పారు. "అందరిదీ అంటే బాధ్యుడెవరు?" అని అడిగారు. ఎవరూ లేరన్నారు. ఆ మాటకు ఆయన రక్తపోటు మాత్ర ఒకటి ఎక్కువ వేసుకున్నారు. చివరికి, తప్పులు కనబడినవాళ్లు అందరూ చూసేలా రాసుకునే ఒక బహిరంగ పేజీ ఉందని ఎవరో చూపిస్తే, అందులో రాయించారు. తెలుగులో సంతృప్తి కలిగాక ఇంగ్లీషులోకి మార్పించారు. 'అయ్యా, పై విషయమును పురస్కరించుకుని తమకు తెలియజేయునదేమనగా' అని మొదలై, 'ఈ లేఖ అందినట్లు తిరుగు టపాలో తెలియజేయవలెను' అని ముగిసే నాలుగు పేజీల లేఖ అది.

మర్నాడు పొద్దున్నకల్లా జవాబు వచ్చింది. రాసినతని పేరు యోహాన్. ఎక్కడో మంచు దేశంలో కాలేజీలో పాఠాలు చెబుతాడట. 'హాయ్ త్రివిక్రమ్! రాసినందుకు ధన్యవాదాలు. సమస్య తెలిసేలా ఒక చిన్న ఉదాహరణ పంపగలవా?' అని రాశాడు.

ఎస్ఈ గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు.

"త్రివిక్రమ్ ఏంటి? మా నాన్న గారు కూడా నన్నలా పిలవలేదు. పైగా చిన్న ఉదాహరణట! మన ఫైళ్లలో చిన్నవి ఉంటాయా?"

రెండు వందల పదకొండు పేజీల ఫైలు మొత్తం స్కాన్ చేయించి పంపారు. దాంతోపాటు, పై అధికారిని ఏకవచనంలో సంబోధించినందుకు క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని యోహాన్‌కి ఒక మెమో కూడా పంపారు. యోహాన్ దాన్ని ఏదో కంప్యూటర్ అనువాదంలో చదువుకుని, అదొక సంప్రదాయ ఆశీర్వచనం అనుకున్నట్టుంది. చేతులు జోడించిన బొమ్మ పెట్టి, 'మీకు కూడా' అని రాశాడు.

తొమ్మిదో రోజున 'మాతృ నిర్ధారణ సంఘం' ఏర్పడింది. అనాథల విషయం గనుక శిశు సంక్షేమ శాఖ నుంచి ఒక సభ్యురాలు ఉండాలని ఎస్ఈ గారు పట్టుబట్టారు. ఆ శాఖ వాళ్లు సూపర్‌వైజరు జ్ఞానప్రసూన గారిని పంపారు. ఆమె బిస్కెట్ ప్యాకెట్లు, ఒక రంగురంగుల బంతి సంచిలో పెట్టుకుని వచ్చింది. మార్కెట్టు వెనక్కి తీసుకెళ్లి చూపించాక చుట్టూ వెతికింది.

"పిల్ల ఎక్కడండి?"

"ఇదేనండి," అంది వీరవేణి సిగ్గుపడుతూ.

జ్ఞానప్రసూన గారు పాతికేళ్ల సర్వీసులో చాలా చూసిన మనిషి. ఇంకేమీ అనకుండా బంతి సంచిలోకి తోసేసి, ఫారం బయటికి తీసింది. ఎస్ఈ గారు గొడుగు కింద నిలబడి వివరాలు చెబుతుంటే రాసుకుంది. పుట్టుమచ్చలు: ఎడమ పక్క నూనె మరక, కుడి పక్క సొట్ట. రంగు: బూడిద. మాతృభాష అన్న గడి దగ్గర ఆగి, చెవి రిక్కించి విని, 'గుయ్' అని రాసింది.

"సంరక్షకుడు ఎవరు?"

"నేనే చూసుకుంటానండి. నూనె పోత్తాను, చెట్టుకొమ్మలు తగలకుండా కొడతాను," అన్నాడు నూకరాజు, అప్రయత్నంగా చేతులు కట్టుకుని.

"వయసు?"

"ఇరవై రెండండి."

జ్ఞానప్రసూన గారు కలం మూసేసింది. ఆమె మొహంలో మొదటిసారి వెలుగు కనబడింది.

"ఇరవై రెండా! పద్దెనిమిది దాటితే మా శాఖ పరిధిలోకి రాదండి. మేజరు." అని ఫారం మడిచి, బిస్కెట్ ప్యాకెట్లు నూకరాజు చేతిలో పెట్టి, ఎండలో గబగబా బస్టాండు వైపు వెళ్లిపోయింది.

వీరవేణికి గొప్ప ఊరట కలిగింది. ఎస్ఈ గారు మాత్రం ఆలోచనలో పడ్డారు.

"మేజరంటే తన సంగతి తనే చూసుకోవాలి. అప్పుడు ఫారం 9-క మీద అది సంతకం పెట్టాలి కదా?"

"సార్, అది ట్రాన్స్‌ఫార్మరండి."

"తెలుసమ్మా. సంతకం రాదు. వేలిముద్ర?"

ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటూనే ఉంది. సంఘం ఆ చప్పుడును 'అభ్యంతరము'గా నమోదు చేసి, టీ తాగి వెళ్లిపోయింది.

పదిహేనో రోజు గురువారం. ముందు రోజు సాయంత్రం వీరవేణి తనే ఐసు ఫ్యాక్టరీకి వెళ్లింది. నోటీసు ఇచ్చి రమ్మని ఎవరినైనా పంపొచ్చు. కానీ మనసొప్పలేదు. ఫ్యాక్టరీ మరిడమ్మది. ఆమె మొగుడు పోయాక పదేళ్ల నుంచీ ఒంటిచేత్తో నడుపుతోంది. తెల్లారేసరికి రెండొందల ఐసు దిమ్మలు తయారు కాకపోతే మార్కెట్టులో వేలం సాగదు, రేవు నుంచి వచ్చిన చేప మధ్యాహ్నానికి పనికిరాదు.

మరిడమ్మ నోటీసు తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"నేను బిల్లు ఎప్పుడైనా ఎగ్గొట్టానా అమ్మా?"

"లేదండి."

"మరి నాకెందుకు తీసేత్తున్నారు?"

"మీ తప్పేం లేదండి. ట్రాన్స్‌ఫార్మర్‌కి... తల్లి దొరకలేదండి."

మరిడమ్మ ఆమె మొహంలోకి తేరిపారా చూసింది. ఎండదెబ్బ తగిలిందేమోనని ఒక గ్లాసు చల్లటి నీళ్లు తెచ్చిచ్చింది. వీరవేణి ఆ గ్లాసు అందుకుంది. ఈవిడ తిట్టినా బాగుండేదనుకుంది.

గురువారం పదింటికి నూకరాజు స్విచ్చి దించాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ మూల నిశ్శబ్దమైంది. స్తంభం పక్కన నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమటేనన్నాడు. కరెంటు తీసేసినట్టు దర్పణంలో నమోదు చేయబోతే, 'ఈ పరికరములో కరెంటు లేదు. లేని కరెంటును తీయజాలరు' అని వచ్చింది. కనుక రికార్డు ప్రకారం ఆ రోజు అక్కడ ఏమీ జరగలేదు.

శుక్రవారం పదకొండింటికి ఎస్ఈ గారి ఆఫీసు ముందు మూడు ట్రాలీ ఆటోలు ఆగాయి. మరిడమ్మ ముందు నడుస్తుంటే, వెనక ఎనిమిది మంది ఆడవాళ్లు నెత్తిన గంపలతో లోపలికొచ్చారు. బంట్రోతు అడ్డుపడబోయి, వాసనకు పక్కకు తప్పుకున్నాడు. పండుగప్పలు, వంజరాలు, రొయ్యలు. నిన్న పొద్దున రేవుకొచ్చినవి. ఎస్ఈ గారి బల్ల మీద, కుర్చీల మీద, ఫైళ్ల బీరువా మీద వరసగా దించారు.

"ఏమిటిది? ఏమిటిదంతా?" అని ఎస్ఈ గారు లేచి నిలబడ్డారు.

"చేపలండి," అంది మరిడమ్మ వినయంగా.

"కంపు కొడుతోంది!"

"ఎక్కడండి? మీ కంప్యూటర్లో చూడండోసారి. అందులో చేపలున్నాయా?"

"అందులో చేపలెందుకుంటాయి?"

"లేవు కదండీ. మరి లేని చేప కంపెలా కొడద్దండి? నాకు నిన్నటిదాకా కరెంటుంది, మీ కంప్యూటర్లో లేదన్నారు. అయితే లేనట్టేనన్నారు. ఇదీ అంతేనండి. మీరు నిచ్చింతగా పని చేసుకోండి. నా కరెంటు మీ కంప్యూటర్లోకి వచ్చిననాడు కబురంపండి, వచ్చి తీసుకెళ్తాను."

ఆడవాళ్లు కొంగులు దులుపుకుని వెళ్లిపోయారు. ఎస్ఈ గారు ముక్కుకు రుమాలు కట్టుకుని, 'కార్యాలయములో కనబడుచున్న జలచరముల గురించి' అని ఒక నోట్ పెట్టి, అవి ఏ శాఖ పరిధిలోకి వస్తాయో తేల్చమని కిందికి పంపారు. తేలేలోగా ఎవరూ ముట్టుకోరాదన్నారు. మధ్యాహ్నానికి ఆఫీసు మొత్తం వరండాలోకి మారిపోయింది. నాలుగు వీధుల పిల్లులు లోపల పని చూసుకున్నాయి.

వీరవేణికి ఈ సంగతి తెలిసి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మరిడమ్మ ఫ్యాక్టరీలో ఐసంతా కరిగి కాలవలోకి పోతోంది. అరవై ఇళ్లల్లో పసిపిల్లల తల్లులు విసనకర్రలు పట్టుకుని కూర్చున్నారు. ఒక్క గడి. ఆ గడి దిద్దే హక్కు తనకు లేదు. ఆ ఉక్రోషంలో దర్పణం తెరిచి, ఆ 'అనాథ' అనే మాట వంకే చూస్తూ కూర్చుంది.

చూడగా చూడగా ఆమెకొకటి తట్టింది.

కార్పొరేషన్ డేటాలో ఒక్క గడి మార్చడానికి తనకు అధికారం లేదు. నిజమే. కానీ సాఫ్ట్‌వేరు కార్పొరేషన్‌ది కాదు. అది అందరిదీ. అందులో మాటలు మార్చమని ప్రపంచంలో ఎవరైనా అడగొచ్చు. సింగవరపుకోట అసిస్టెంట్ ఇంజినీరుగా అడగకూడదేమో గానీ, ఆదివారం సెలవు నాడు ఇంట్లో కూర్చున్న వీరవేణిగా ఎందుకడగకూడదు?

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి ఆ పని చేసింది. తెలుగు మాటలున్న ఫైలు తెరిచి, 'అనాథ' అన్న చోట ఆ మాట తీసేసి, 'తల్లి పేరు రాయలేదు' అని పెట్టి, ఎందుకు మార్చమంటోందో కింద నాలుగు వాక్యాల్లో రాసి పంపింది. చేపల సంగతి కూడా రాసింది. సాయంత్రం నాలుగింటికి యోహాన్ జవాబిచ్చాడు. 'ఇది చాలా స్పష్టంగా ఉంది. చేర్చేశాను. తప్పు మాది కాదు గానీ, ఆ చేపలకు నా సానుభూతి.'

కొత్త మార్పులు ప్రతి సోమవారం తెల్లవారుజామున దర్పణంలోకి వాటంతటవే వచ్చి పడతాయి. ఆ సోమవారం ఎస్ఈ గారు వరండాలో గోడకు చేరగిలేసిన బల్ల ముందు కూర్చుని నివేదిక తీశారు. చదివారు. మళ్లీ చదివారు. వీరవేణికి ఫోన్ చేశారు.

"అమ్మా, అనాథల్లేరు."

"అవునాండి?"

"జిల్లా మొత్తమ్మీద నలభై మూడుండేవి. ఒక్కటీ లేదు. నలభై మూడింటికీ 'తల్లి పేరు రాయలేదు' అనుంది. అంటే ఏమిటి? తల్లి ఉంది! పేరు రాయలేదు. అంతే! ఇది గుమాస్తా పని కదా. దీనికి ఫారం ఏమిటి, సంఘం ఏమిటి? ఇన్నాళ్లూ మీరు నాతో ఈ ముక్క ఎందుకు చెప్పలేదు?"

వీరవేణి ఫోన్‌ని చెవి దగ్గర్నుంచి తీసి కాసేపు దాని వంక చూసింది. తరవాత, "పొరపాటైందండి," అంది.

గుమాస్తా కూర్చుని నలభై మూడు పేర్లూ గంటన్నరలో రాసేశాడు. పన్నెండింటికి నూకరాజు స్విచ్చి ఎత్తాడు. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంది. మార్కెట్టులో వాళ్లు ఈలలు వేశారు. నూకరాజు జేబులోంచి బిస్కెట్ ప్యాకెట్టు తీసి, అక్కడున్న అందరికీ తలొకటి పంచాడు. మరిడమ్మ ట్రాలీ ఆటోలు పంపి తన గంపలు తెప్పించుకుంది. గంపలే. లోపల ఏమీ మిగల్లేదు. ఎస్ఈ గారి గదిని మూడుసార్లు ఫినాయిల్‌తో కడిగారు. మర్నాడు సబ్‌స్టేషన్ ఇంజినీరు వీరవేణికి ఫోన్ చేసి, తనకు ముప్పై రెండో పిల్ల పుట్టిందని చెప్పి, స్వీట్లు పంపించాడు.

నెల తిరిగేసరికి జిల్లా ఆఫీసుకు 'అనాథ రహిత జిల్లా' అని ఒక షీల్డు వచ్చింది. ఎస్ఈ గారు శాలువా కప్పించుకున్నారు. ఆ మాట మార్చిందెవరో కూడా ఆ నెలలోనే బయటపడింది. వీరవేణికి మెమో వచ్చింది: 'ప్రపంచ సాఫ్ట్‌వేరును పై అధికారి ద్వారా గాక నేరుగా సరిదిద్దినందుకు' సంజాయిషీ ఇవ్వమని. ఆమె సంజాయిషీ రాసుకుని భయపడుతూ ఎస్ఈ గారి గదికి వెళ్లింది. ఆయన ఆ కాగితం చూడనే లేదు. తలుపు వెయ్యమని సైగ చేశారు.

"కూర్చోండమ్మా. ఆ ఒక్క మాట మారిస్తే నలభై మూడు సమస్యలు పోయాయి. అలా ఇంకా మార్పించొచ్చా?"

"ఎవరైనా అడగొచ్చండి. వాళ్లు చూసి సబబనిపిస్తే ఒప్పుకుంటారు."

ఆయన సొరుగులోంచి ఒక జాబితా తీశారు. రాత్రింబవళ్లు కూర్చుని తయారు చేసినట్టుంది. పందొమ్మిది మాటలున్నాయి. 'ఓవర్‌లోడు' అన్న చోట 'ప్రజాదరణ' అని ఉండాలట. 'కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్' అనకూడదు, 'విశ్రాంత ట్రాన్స్‌ఫార్మర్' అనాలి. 'తీగ తెగింది' బదులు 'తీగ రెండైంది'. చిట్టచివర, 'కరెంటు లేదు' అన్న చోట 'కరెంటు రాబోతోంది'.

"సార్, ఇవి..."

"మీరేం కంగారు పడకండి. ఈసారి సరైన మార్గంలోనే పంపిస్తున్నాను. యోహాన్ గారికి," అన్నారాయన. గారు అని నొక్కి పలికారు.

జాబితా వెళ్లింది. యోహాన్ రెండు రోజులు ఆలోచించినట్టున్నాడు. మూడో రోజు జవాబు రాశాడు. మిగతా పద్దెనిమిది మాటల గురించి ఏమీ అనలేదు. ఆఖరిదాని గురించి మాత్రం ఒక ప్రశ్న వేశాడు: 'ఈ మాట మారిస్తే అక్కడ కరెంటు వస్తుందా?'

ఎస్ఈ గారు ఆ ప్రశ్నను చాలాసేపు చదివారు. అక్షరాలన్నీ తేలికైనవే, అర్థంలో దాచిపెట్టిందేమీ లేదు. అయినా ఆయన ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. దాని మీద నంబరు వేసి, 'తగు సమాధానము నిమిత్తము' అని రాసి డివిజనల్ ఇంజినీరుకు పంపారు. ఆయన తన కిందివారికి పంపాడు. మూడు వారాలు అన్ని బల్లలూ తిరిగి, పదకొండు సంతకాలు పోగేసుకుని, ఆ కాగితం ఒక మధ్యాహ్నం వీరవేణి బల్ల మీదికొచ్చింది. ఆమె కాసేపటి క్రితమే ఒక తెగిన తీగ చూసి వచ్చి ఫ్యాను కింద కూర్చుంది. ఆమె కింద ఇంకే ఇంజినీరూ లేడు గనుక కాగితం అక్కడే ఆగింది.

వీరవేణి కలం తీసి, యోహాన్ ప్రశ్న కింద 'రాదు' అని రాసి, సంతకం పెట్టి, తారీఖు వేసి, వచ్చిన దారినే పైకి పంపింది.